డ్యూక్ 390 చైన్ సెట్ మార్పు: ముందు 14 పళ్ళా, వెనక 47 పళ్ళా, కంపెనీ 15/45 సరిపోతుందా?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నా 2015 కేటీఎం డ్యూక్ 390 బైక్‌కి చైన్ సెట్ మార్చాల్సి వచ్చింది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు మొనదేలి ఒక పక్కకు వంగాయి. చైన్ ఎంత బిగించినా వారం తిరక్కుండానే వదులవుతోంది. ఎలాగూ మొత్తం మారుస్తున్నాను కనుక పళ్ళ సంఖ్య కూడా మార్చుకోవచ్చా అని ఆలోచిస్తున్నాను.

రోజూ గాజువాక నుంచి ఎంవీపీ కాలనీకి ట్రాఫిక్‌లో ప్రయాణం. సెలవులు దొరికితే నేనూ మా ఆవిడా సామానుతో అరకు వెళ్తుంటాం. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక, మెలిక మలుపుల్లో రెండో గేరులో బండి బాగా కుదుపుతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పోయేటప్పుడూ అంతే. కంపెనీ ఇచ్చింది ముందు 15, వెనక 45. మిత్రుడొకరు ముందు 14 పళ్ళది వేయమంటున్నారు. విడిభాగాల దుకాణంలో వెనక 47 మేలంటున్నారు. శ్రీకాకుళం వైపు హైవే మీద 100 వేగంలో వెళ్ళేటప్పుడు ఇంజిన్ మరీ అరుస్తుందేమోనని నా సందేహం. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఎర్రనేల (అనంతపురం)

ముందు 14 వేయించండి, ఇంక ఆలోచించకండి. నాదీ అదే బండి. 14 వేసినప్పటి నుంచి ఊళ్ళో నడపడం హాయిగా ఉంది. క్లచ్ మీద చెయ్యి పెట్టే పని తగ్గింది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు దించాల్సిన అవసరం కూడా తగ్గింది. వెనక స్ప్రాకెట్‌తో పోలిస్తే ముందుది చాలా చవక. నచ్చకపోతే పాత సంఖ్యకు వెళ్ళడం సులువు. కదిరి, మదనపల్లె దారిలో వెళ్ళేటప్పుడు నేను 90 దాటను కాబట్టి ఇంజిన్ గోల అనేది నాకు సమస్య కాలేదు.

లెక్కల బండి (హైదరాబాద్)

అభిప్రాయాలకు ముందు అంకెలు చూద్దాం. ఈ తరం 390లో ప్రైమరీ, అంటే ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కు పోయే పళ్ళ నిష్పత్తి, 30:80. మొదటి గేరు 12:32, రెండోది 14:26, ఆరోది 25:21. వెనక టైరు 150/60-17, చుట్టుకొలత సుమారు 1.92 మీటర్లు.

ఆరో గేరులో 100 కి.మీ. వేగంలో 15/45తో ఇంజిన్ సుమారు 5,830 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) తిరుగుతుంది. ముందు 14 వేస్తే 6,240. వెనక 47 వేస్తే 6,090. అంటే 14 పళ్ళతో 7 శాతం, 47 పళ్ళతో 4.4 శాతం ఎక్కువ. ఈ బండికి ముందు ఒక పన్ను తగ్గించడం, వెనక మూడు పళ్ళకు పైగా పెంచడంతో సమానం. ముందు తగ్గించినా, వెనక పెంచినా లాగుడు పెరుగుతుంది, పై వేగం తగ్గుతుంది.

ఇప్పుడు సాగరతీరం గారి అసలు కష్టం చూడండి. మలుపులో వేగం 20 అనుకుందాం. రెండో గేరులో 15/45తో ఇంజిన్ 2,580 దగ్గర ఉంటుంది. 14 వేస్తే 2,760. పెరిగింది 180 మాత్రమే. అదే వేగంలో మొదటి గేరు వేస్తే 3,700. ఈ ఒక్క సిలిండరు ఇంజిన్ 3,000 లోపు నున్నగా తిరగదు, అది దాని స్వభావం. పన్ను మారిస్తే వచ్చేది 7 శాతం, గేరు దించితే వచ్చేది 44 శాతం. ఇద్దరు మనుషులు, సామానుతో ఆ మలుపుల్లో మొదటి గేరే వాడాలి. రెండో గేరు మీద ఈడ్చడానికి 14 వేసుకోవడంలో నాకు అర్థం కనిపించడం లేదు.

ఎర్రనేల (అనంతపురం)

అంకెలు సరే. కానీ మొదటి గేరులో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం తిప్పినా ఈ బండి ముందుకు ఉరుకుతుంది. వెనక మనిషి ఉన్నప్పుడు అది భయం. రెండో గేరులో ఆ 180 ఆర్‌పీఎం తేడా కాగితం మీద చిన్నది, నడిపేవారికి బాగానే తెలుస్తుంది. నేను రోజూ నడుపుతున్న బండి గురించే చెబుతున్నాను.

పనిముట్టు (గుంటూరు)

సాగరతీరం తమ్ముడూ, పళ్ళ సంఖ్య సంగతి కాసేపు పక్కన పెట్టు. నువ్వు చెప్పిన లక్షణాల్లో సగం అరిగిన చైన్‌వే. చైన్ ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉంటే మెల్లగా పోయేటప్పుడు బండి కుదుపుతుంది. ఆ కుదుపును గేరింగ్ లోపం అనుకుని పళ్ళు మార్పించుకునేవాళ్ళను మా వర్క్‌షాపులో తరచూ చూస్తుంటాను. వాళ్ళకు బండి బాగయ్యేది కొత్త చైన్ వల్ల, మెచ్చుకునేది మాత్రం 14 పళ్ళను.

ఒక కొలత తీసి చెప్పు. బండి స్టాండు మీద పెట్టి, చైన్ కింది వరుసను లాగిపట్టి, ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై లింకుల అవతలి పిన్ను మధ్య వరకు కొలువు. కొత్త 520 చైన్‌కు (మీ బండి చైన్ సైజు) అది 317.5 మి.మీ. ఉంటుంది. మూడు నాలుగు చోట్ల కొలవాలి. 320.7 అంటే 1 శాతం సాగినట్టు. సీల్ ఉన్న చైన్‌కు (లింకుల్లోని గ్రీజు పోకుండా రబ్బరు రింగులున్నది) అక్కడితో ఆయుష్షు తీరినట్టే లెక్క. అలాగే వెనక స్ప్రాకెట్ చివరన చైన్‌ను వేలితో వెనక్కి లాగు. పన్ను సగం దాకా బయటికి కనిపిస్తే ఇంక కొలత కూడా అక్కర్లేదు.

సాగరతీరం (విశాఖపట్నం)

కొలిచానండి. ఒకచోట 320, రెండుచోట్ల 321, ఒకచోట 323 వచ్చింది. వెనక లాగితే పన్ను సగానికి పైగా కనిపిస్తోంది. నాలుగైదు లింకులు బిగుసుకుపోయి, స్ప్రాకెట్ దాటాక కూడా వంగినట్టే ఉంటున్నాయి.

పనిముట్టు (గుంటూరు)

323 అంటే 1.7 శాతం. ఒకే చైన్‌లో 3 మి.మీ. తేడా. నీ కుదుపుకు ఇదే పెద్ద కారణం. పైగా సముద్రపు గాలి ఉన్న ఊరు. లింకు బిగుసుకుందంటే లోపలి ఓ-రింగు చచ్చి, పిన్నుకూ బుష్‌కూ మధ్య కంపెనీవాళ్ళు నింపిన గ్రీజు పోయి, అక్కడ తుప్పు పట్టిందని అర్థం. పైనుంచి ఎంత నూనె పోసినా ఆ లింకు మళ్ళీ బాగుపడదు.

ఇంకొకటి తప్పకుండా చేయించు. వెనక హబ్‌లో కప్లింగ్ రబ్బర్లు ఉంటాయి. ఇంజిన్ లాగుడులోని దెబ్బలు చైన్‌కు తగలకుండా అవి కాచుకుంటాయి. చక్రం కదలకుండా పట్టుకుని వెనక స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి చూడు. అది ఏ అడ్డూ లేకుండా టక్కుమని ఆడితే రబ్బర్లు అయిపోయినట్టే. పదేళ్ళ బండికి అవి గట్టిపడి ఉంటాయి. చాలామంది వేలు పోసి చైన్ సెట్ కొంటారు, ఆ రబ్బర్లను వదిలేస్తారు. తర్వాత కొత్త చైన్ కూడా త్వరగా పాడైపోయిందని దుకాణంవాళ్ళను తిడతారు.

చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు ఉంచడం అసలే వద్దు. సాగిన చైన్‌తో అరిగిన పళ్ళు కొత్త చైన్‌ను కొద్ది రోజుల్లోనే తమ కొలతకు సాగదీస్తాయి.

కృష్ణాతీరం (విజయవాడ)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది 428 చైన్ ఉన్న 125 సీసీ బండి. మా మెకానిక్ ముందు ఒక పన్ను పెంచితే మైలేజీ పెరుగుతుందంటున్నారు. నిజమేనా? నేను రోజూ బెంజి సర్కిల్ మీదుగా కాలేజీకి వెళ్తాను, ఎక్కువగా ఒక్కదాన్నే.

లెక్కల బండి (హైదరాబాద్)

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే కొంత పెరగవచ్చు. ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి పీల్చుకోవడానికి ఇంజిన్ చేసే వృథా పని తగ్గుతుంది. కానీ 125 సీసీ ఇంజిన్‌కు మిగులు శక్తి తక్కువ. ఎదురుగాలి వచ్చినా, ఫ్లైఓవర్ ఎక్కినా, వెనక మనిషి కూర్చున్నా గేరు దించాల్సి వస్తుంది. అప్పుడు మిగిలిందంతా పోతుంది. మీ ప్రయాణం నిండా సిగ్నళ్ళే కాబట్టి క్లచ్ కూడా ఎక్కువ అరుగుతుంది. పళ్ళు అలాగే ఉంచి, చైన్ శుభ్రంగా, సరైన వదులుతో, టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి. ఎండిపోయిన చైన్, గాలి తక్కువైన టైరు తినే పెట్రోలు ఒక పన్ను మిగిల్చేదానికన్నా ఎక్కువ.

కృష్ణాతీరం (విజయవాడ)

ధన్యవాదాలు. 428, 520 అంటే ఏమిటో కూడా చెప్పగలరా? దుకాణంలో 525 కూడా ఇదే అంటారు ఒక్కోసారి.

లెక్కల బండి (హైదరాబాద్)

ఒకటి కావు. మొదటి అంకె పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కలో. 4 అంటే అర అంగుళం, 12.7 మి.మీ. 5 అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, 15.875 మి.మీ. మిగతా రెండు అంకెలు లోపలి వెడల్పును చెబుతాయి. 520కి 6.35 మి.మీ., 525కి 7.94, 530కి 9.53. 520, 525, 530 మూడింటికీ పిచ్ ఒకటే కావడం వల్ల 520 స్ప్రాకెట్ మీద 525 చైన్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ పక్కలకు ఆడుతుంది. 525 స్ప్రాకెట్ మీద 520 చైన్ దిగనే దిగదు. చైన్ బయటి రేకుల మీద సంఖ్య చెక్కి ఉంటుంది, అది చూసి కొనండి.

పర్వతపథం (డెన్వర్)

ఇక్కడ కొలరాడోలో పాత తరం కవాసాకీ కేఎల్ఆర్ 650 నడుపుతాను. ఐదు గేర్ల బండి, కంపెనీ ఇచ్చింది 15/43. ఈ బండి ఉన్నవాళ్ళు ముందు స్ప్రాకెట్ మార్చడం చాలా మామూలు. దూర హైవే ప్రయాణాలకు 16, రాళ్ళదారులకు 14. ఆరో గేరు లేకపోవడమే దీనికి కారణం. హైవే మీద 15తో ఇంజిన్ మరీ ఎక్కువగా తిరుగుతున్నట్టు ఉంటుంది, 16 వేస్తే ఆ ఆర్‌పీఎం 6 శాతం పైగా తగ్గుతుంది. అదే 16తో కొండల్లో రాళ్ళ మీద మొదటి గేరు మరీ పొడవైపోతుంది, అంటే అందులో కూడా తగినంత మెల్లగా పోలేం, క్లచ్ నలుగుతుంది.

డ్యూక్‌కు ఆరు గేర్లు ఉన్నాయి, మొదటి గేరు తగినంత పొట్టిగానే ఉంది. అందుకే ఆ బండికి నాకున్నంత అవసరం కనిపించడం లేదు. బండి ఏ దారిలో, ఏ గేరులో ఎక్కువ కాలం గడుపుతుందో ముందు గమనించాలి. ఒక వారం పాటు ఆరో గేరు ఎంతసేపు వాడుతున్నారో చూడండి. ఆరో గేరు వేయడానికే అవకాశం రాకపోతే పళ్ళు తగ్గించడంలో లాభం ఉంది. వేశాక మళ్ళీ మళ్ళీ దించాల్సి వస్తుంటే కూడా ఉంది. అదేమీ లేకపోతే కంపెనీ సంఖ్యే మంచిది.

సాగరతీరం (విశాఖపట్నం)

హైవే మీద ఆరో గేరులోనే ఉంటాను, దించాల్సిన అవసరం దాదాపు రాదు. ఊళ్ళో మూడు దాటదు. అంటే నాకు కావలసింది మెల్లటి వేగాల్లో నున్నదనమే. దాని కోసం వెనక 47 వేస్తే ఎలా ఉంటుంది?

మూడో గేరు (వరంగల్)

14 కన్నా 47 మేలు. కారణం లాగుడు ఎలా వస్తుందో చూస్తే తెలుస్తుంది. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే అదే ఇంజిన్ టార్క్‌కు (తిప్పే బలానికి) చైన్ మీద పడే బలం 7 శాతం పెరుగుతుంది. వెనకది పెద్దదైతే చైన్ మీద బలం పెరగదు, చక్రం దగ్గర మాత్రమే లాగుడు పెరుగుతుంది. చిన్న స్ప్రాకెట్ చుట్టూ లింకులు ఎక్కువగా వంగాలి, అరుగుదల అక్కడే. చైన్ వలయంగా కాక పలకలు పలకలుగా తిరుగుతుంది కాబట్టి దాని వేగంలో సహజంగానే హెచ్చుతగ్గులు ఉంటాయి. 15 పళ్ళకు అవి 2.2 శాతం, 14కు 2.5 శాతం. నున్నదనం కోసం ముందు పళ్ళు తగ్గించడం ఆ విధంగా కూడా వెనకడుగే. చైన్ స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ) మీది రబ్బరు గైడును ఎక్కువగా రాసుకుంటుంది కూడా.

సరి, బేసి విషయం కూడా ఉంది. చైన్‌లో లింకుల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే, ఎందుకంటే లోపలి లింకు, బయటి లింకు జంటగా వస్తాయి. స్ప్రాకెట్‌కు బేసి పళ్ళుంటే ప్రతి పన్నూ రెండు రకాల లింకులనూ మార్చి మార్చి కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటుంది. 14 పళ్ళయితే ఒక పన్ను ఎప్పుడూ ఒకే రకం లింకును కలుస్తుంది. 15, 45, 47 మూడూ బేసి సంఖ్యలే.

ఎర్రనేల (అనంతపురం)

సరి సంఖ్య స్ప్రాకెట్లతో కంపెనీలే బళ్ళు అమ్ముతున్నాయి కదా. డ్యూక్ 200కు ముందు 14 పళ్ళే. అవి నడవడం లేదా?

మూడో గేరు (వరంగల్)

బాగా నడుస్తున్నాయి. ఆ ఇంజిన్ టార్క్ తక్కువ, దానికి తగ్గట్టు 14/43 పెట్టారు. 14 వేస్తే చైన్ తెగిపోతుందని నేను అనను. అదే లాభం వెనక నుంచి వస్తున్నప్పుడు ముందు నుంచి తీసుకోవడం ఎందుకన్నదే నా ప్రశ్న. ఖర్చు విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ ఆయన ఎలాగూ వెనకది కూడా కొంటున్నారు.

47 వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 520 చైన్‌కు ఒక పన్ను మారితే వెనక ఇరుసు దాదాపు 4 మి.మీ. జరుగుతుంది. వెనక రెండు పళ్ళు పెంచితే 8 మి.మీ. ముందుకు రావాలి. ఇరుసు గాడిలో అంత చోటు ఉందో లేదో కొత్త చైన్ పొడవుతో చూసుకోవాలి, లేకపోతే రెండు లింకులు ఎక్కువున్న చైన్ తీసుకోవాలి. స్పీడోమీటరు ముందు చక్రం నుంచి వేగం తీసుకునే బళ్ళలో తేడా రాదు. గేర్‌బాక్స్ నుంచి తీసుకునే బళ్ళలో పళ్ళు మారిన మేరకు తప్పు చూపిస్తుంది.

పనిముట్టు (గుంటూరు)

చైన్ రకం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో పళ్ళ సంఖ్యకన్నా అదే ముఖ్యం. 390కి సీల్ ఉన్న చైనే వేయాలి, ఓ-రింగు గానీ ఎక్స్-రింగు గానీ. ఎక్స్-రింగు చైన్‌లో రింగు అంచులు సన్నగా తాకుతాయి కాబట్టి రాపిడి తక్కువ, గ్రీజు ఎక్కువ కాలం నిలుస్తుంది. ధర తక్కువని సీల్ లేని చైన్ వేయించుకుంటే ఈ ఇంజిన్ లాగుడుకు అది నిలవదు. మన దేశంలో తయారైనవాటిలో కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ళ రోలాన్, చెన్నై టీఐ వాళ్ళ డైమండ్ సులువుగా దొరుకుతాయి. జపాన్ డీఐడీ ఖరీదు ఎక్కువ. ఏది కొన్నా బిల్లుతో, తెలిసిన డీలరు దగ్గర కొనండి. నకిలీ పెట్టెలు చాలా తిరుగుతున్నాయి.

స్ప్రాకెట్లు ఉక్కువే తీసుకోండి. అల్యూమినియంవి తేలిక, కానీ త్వరగా అరుగుతాయి, రోజువారీ బండికి అనవసరం. చైన్ కలిపేటప్పుడు క్లిప్ లాకు కాకుండా రివెట్ వేయించండి. చిన్న బండికి క్లిప్ వాడితే దాని మూసిన వైపు చైన్ కదిలే దిశలో ఉండాలి.

చివరిగా ఒకటి గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా, గేరులో చక్రం తిరుగుతుండగా చైన్ తుడవకండి. గుడ్డ చిక్కుకుందంటే చెయ్యి తీసే సమయం ఉండదు, వేళ్ళు పోతాయి. వేళ్ళు పోయినవారిని నేను చూశాను. ఇంజిన్ ఆపి, తాళం తీసి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. కిరసనాయిలు వాడండి, పెట్రోలు వద్దు, అది రింగుల రబ్బరును పాడు చేస్తుంది. ఆరాక 90 గేర్ ఆయిల్ లేదా చైన్ లూబ్ లోపలి వైపు పట్టించి, మిగులు తుడిచేయండి. ప్రయాణం నుంచి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేసి రాత్రంతా వదిలేస్తే మంచిది. 500 కి.మీ.కు ఒకసారి, వానలో తడిస్తే వెంటనే.

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. రబ్బర్లు చూశాను, పనిముట్టు అన్నగారు చెప్పినట్టే స్ప్రాకెట్ టక్కుమని ఆడుతోంది. ఇప్పటికి 15/45 ఎక్స్-రింగు సెట్, కొత్త కప్లింగ్ రబ్బర్లు వేయిస్తాను. మలుపుల్లో మొదటి గేరు అలవాటు చేసుకుంటాను. అప్పటికీ చాలకపోతే వెనక 47 ఒక్కటి తర్వాత కొంటాను. ఇరుసు సరిచూసేటప్పుడు స్వింగ్‌ఆర్మ్ మీది గుర్తులు నమ్మవచ్చా?

పనిముట్టు (గుంటూరు)

మంచి నిర్ణయం. గుర్తులు ఒక అంచనాకు పనికొస్తాయి. రెండు వైపులా స్వింగ్‌ఆర్మ్ ఇరుసు మధ్య నుంచి చక్రం ఇరుసు మధ్య వరకు కొలిచి చూడు, సమానంగా ఉండాలి. ముందు స్ప్రాకెట్ బిగింపును పాత చైన్ తీయకముందే, వెనక బ్రేకు తొక్కిపట్టి వదులు చేయమను. చైన్ తీసేశాక గేర్‌బాక్స్ ఊరికే తిరుగుతుంది, అప్పుడు కష్టం. చైన్ వదులు మాన్యువల్‌లో ఉన్నంతే ఉంచు. ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. మీరిద్దరూ కూర్చుని గుంతలో పడినప్పుడు జరిగేది అదే. ఎక్కువ బిగిస్తే గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. ఇరుసు నట్టు బిగించాక వదులు మళ్ళీ చూడాలి, బిగింపులో కొంచెం మారుతుంది.

ఎర్రనేల (అనంతపురం)

నేను 14తోనే ఉంటాను, మా దారులకు అది సరిపోయింది. కానీ కప్లింగ్ రబ్బర్లు నా బండికీ మార్పించాలి. విడిగా దొరుకుతాయా? వేసేటప్పుడు గ్రీజు రాయాలా?

పనిముట్టు (గుంటూరు)

విడిగా దొరుకుతాయి, సెట్ మొత్తం తీసుకోండి, ఒకటి రెండు మార్చి వదిలేయకండి. గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బిగుతుగా ఉంటే కొంచెం సబ్బునీళ్ళు రాసి నొక్కండి. వేశాక స్ప్రాకెట్ అసలు ఆడకూడదు.